సున్నా నంబరు బూటు

వరసమ్మ అసలు పేరు ఇంట్లోవాళ్ళకీ, పింఛను కాగితానికీ తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. లైబ్రరీకి వచ్చిపోయేవాళ్ళెవరో వరసమ్మని పేరు పెట్టారు, అదే అతుక్కుపోయింది. ముప్ఫై నాలుగేళ్ళు ఒకే లైబ్రరీలో, కిటికీ పక్కన ఒకే బల్ల ముందు కూర్చున్న మనిషి. ఏ పుస్తకం ఏ బీరువాలో, ఏ అరలో, ఎడమ నుంచి ఎన్నోదో తలెత్తకుండా చెప్పేది. ఎవరైనా పుస్తకం తీసి, నాలుగు పేజీలు తిరగేసి, పక్క అరలో పెట్టేసి చల్లగా జారుకోబోతే గుమ్మం దాటనిచ్చేది కాదు. "బాబూ, దాని వరస అది కాదు" అనేది. అరవదు, కసరదు. ఆ మెత్తని మాటకే గడ్డాలు నెరిసిన పెద్దమనుషులు కూడా వెనక్కి నడిచి, పుస్తకాన్ని దాని చోట పెట్టి వెళ్ళేవారు.

ఆవిడకి రెండు సిద్ధాంతాలు ఉండేవి. వరస తప్పిన వస్తువూ, పోయిన వస్తువూ ఒకటేనన్నది మొదటిది. ఏది మార్చినా, ఎంత చిన్న మార్పయినా, రిజిస్టరులో రాసి తీరాలన్నది రెండోది. "చేతికి మరుపు ఉంటుంది, రిజిస్టరుకి ఉండదు" అనేది. ఈ రెండిట్లో మొదటిది ఆవిడ కొంప ముంచింది, రెండోది గట్టెక్కించింది. అదెలాగో చెప్పాలంటే ముందు ఆవిడ తమ్ముడింటికి ఎలా వచ్చిందో చెప్పాలి.

ఉద్యోగం అయిపోయిన రెండేళ్ళకి ఆవిడ అద్దెకున్న వాటా ఖాళీ చేయాల్సి వచ్చింది. పెళ్ళీ పేరంటం లేని ఒంటరి ప్రాణం. తమ్ముడు బండి తెచ్చి, "మా ఇంట్లో వెనక గది ఖాళీగానే ఉంది కదక్కా, ఇంకెక్కడో వెతుక్కోవడమెందుకు" అని ఆవిడ మాట వినిపించుకోకుండానే రెండు ట్రంకు పెట్టెలూ బండిలోకి ఎక్కించేశాడు. మరదలు గుమ్మంలోనే ఎదురొచ్చి ఆవిడ చేతిలో సంచి అందుకుంది. వాళ్ళ మర్యాదకి ఏ లోటూ లేదు. లోటల్లా వరసమ్మ మనసులోనే ఉంది. తమ్ముడి నెత్తిన కూర్చుని తింటున్నానే అని. ఆ మాట పైకి అనలేదు. అనకుండా, పని వెతుక్కోవడం మొదలుపెట్టింది.

మొదటి వారంలోనే కొత్త రిజిస్టరు ఒకటి కొనుక్కుంది. గట్టి అట్ట, నీలం గీతలు. వంటింటి డబ్బాలకి నంబర్లు పడ్డాయి. దారపు ఉండలకి పడ్డాయి. గొడుగులకి పడ్డాయి. మరదలు మొదట్లో ముక్కున వేలేసుకుంది, తరవాత నవ్వేసింది.

"వదినా, పనిలో పనిగా నాకూ ఒక నంబరు వేసేయండి. తప్పిపోతే ఎవరైనా తెచ్చి అప్పగిస్తారు" అనేది. "ఆడబిడ్డ అర్ధమొగుడంటారు కానీ, మా వదిన మాత్రం నిండు లైబ్రరీ."

తమ్ముడు చేసే పని బూట్లు కుట్టడం. మామూలు బూట్లు కావు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకి, పాదం లోపలికి తిరిగినవాళ్ళకి, చక్కెర జబ్బుతో అరికాలికి స్పర్శ పోయినవాళ్ళకి, వాళ్ళ పాదానికే సరిపోయేలా చేసే బూట్లు. వీధి వైపు గదిలో మరదలు తోలు కత్తిరించి కుడుతుంది. దాని వెనక కొలతల గది. అక్కడ ఒక ఎత్తు పీట, పాదం పెట్టే గాజు పలక, అరికాలి అట్టలు చెక్కే యంత్రం, మూలన ఒక పాత కంప్యూటరు. గాజు పలక మీద పాదం పెడితే దాని బొమ్మ కంప్యూటరులోకి వెళుతుంది. కంప్యూటరు చెప్పినట్టు యంత్రం చెక్కుతుంది.

ఆ కంప్యూటరులో నాలుగు వందల పన్నెండు మంది పాదాలు ఉన్నాయి. పంతొమ్మిదేళ్ళ కొలతలు. మళ్ళీ కొలుచుకుంటే సరిపోదా అని మీరు అనొచ్చు. కొలిస్తే ఇవాళ్టి పాదం వస్తుంది, ఐదేళ్ళ కిందటి పాదం రాదు. పాదం ఏడాదికేడాది ఎటు ఒరుగుతోందో చూస్తేనే వచ్చే ఏడు మడమ కింద ఎంత ఎత్తు వేయాలో తేలేది. ఆ కొలతలు చదివే ప్రోగ్రాము తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. దాన్ని మళ్ళీ ఎక్కించుకునే డిస్కు ఇల్లు మారినప్పుడు పోయింది. అందుకే తమ్ముడు ఆ పాత కంప్యూటరుని ఇంట్లో ముసలాయన్ని చూసుకున్నట్టు చూసుకునేవాడు. దుమ్ము తుడిచేవాడు, దాని మీద గ్లాసు పెట్టనిచ్చేవాడు కాదు.

అలాంటి కంప్యూటరుని అక్క చేతికి తనే ఇచ్చాడు. "అక్కా, ఇందులో ఉత్తరాలన్నీ కలగాపులగంగా పడి ఉన్నాయి. నీ చేత్తో కాస్త సర్దిపెట్టు" అన్నాడు. ఆ మాటకి వరసమ్మ మొహం వెలిగిపోయింది. ఆరు నెలల్లో ఈ ఇంట్లో తనని అడిగి చేయించుకున్న మొదటి పని అది. లైబ్రరీలో చివరి పదేళ్ళూ కంప్యూటరు మీదే పనిచేసింది కాబట్టి చేతకాని పనేం కాదు. వారం పడుతుందనుకున్నది రెండు రోజుల్లో తేల్చేసింది.

చిక్కంతా అక్కడే వచ్చింది. పని అయిపోయింది, ఉత్సాహం అయిపోలేదు.

మంగళవారం పొద్దున తమ్ముడు తోలు తేవడానికి వెళ్ళాడు. వరసమ్మ కంప్యూటరు ముందు కూర్చుని ఇంకేమైనా సర్దాలా అని వెతకసాగింది. ఒక చోట "దాచిన ఫైళ్ళు చూపించు" అని కనిపించింది. దాచిన అరలు ఉంటే ఏ లైబ్రేరియనుకి నిద్ర పడుతుంది? నొక్కింది. అంతకుముందు లేనివి నాలుగైదు ఫైళ్ళు మసక మసకగా బయటపడ్డాయి. ఇన్నేళ్ళూ వీటిని పట్టించుకున్న నాథుడు లేడు కాబోలని ఆవిడకి జాలి వేసింది.

అందులో ఒకదాని పేరులో "బూట్" అని ఉంది.

బూట్లు కుట్టేవాడి కంప్యూటరులో బూట్ అని ఉంటే ఎవరైనా ఏమనుకుంటారు? తమ్ముడి బూట్ల జాబితా అనుకుంది. తెరిచింది. ఆరు పంక్తులు. తలా తోకా లేదు, తేదీ లేదు. ఏవో ఇంగ్లీషు మాటలు, వాటి పక్కన బ్రాకెట్లలో అంకెలు. సున్నా, సున్నా, సున్నా, ఒకటి. కింద మళ్ళీ అదే వరస. ఏ బూట్లు ఏ బీరువాలో, ఏ అరలో ఉన్నాయో రాసుకున్న చిట్టా కాబోలని నిర్ధారించుకుంది. కానీ సున్నా నంబరు అర ఎక్కడైనా ఉంటుందా? సున్నా నంబరు బూటు ఎవరి కాలికి పడుతుంది? తమ్ముడికి చిన్నప్పటి నుంచీ లెక్కల్లో తొందరే. సున్నాలున్న చోటల్లా ఒకటి వేసింది. మరి సున్నా ఒకటైతే ఒకటి రెండు కావాలి కదా. అదీ వేసింది. మొదటి పంక్తి ముందు తన పద్ధతిలో నంబరు కూడా వేసింది: 1147.

మార్చనివ్వనని కంప్యూటరు ఒకసారి మొరాయించింది. చూస్తే ఆ ఫైలుకి "చదవడానికి మాత్రమే" అన్న గుర్తు ఉంది. లైబ్రరీలో అలాంటి పుస్తకాలు బీరువా నిండా ఉండేవి. ఇంటికివ్వరు, అక్కడే కూర్చుని చదువుకోవాలి. అంతమాత్రాన వాటికి నంబరు ఉండకూడదని ఎక్కడా లేదు. ఆ గుర్తు తీసేసి, దిద్దినదంతా భద్రపరిచి, గుర్తుని మళ్ళీ ఎప్పటిలా పెట్టేసింది. వెంటనే రిజిస్టరు తీసి మార్పు రాసుకుంది. ఆ మధ్యాహ్నం చాలా రోజుల తరవాత హాయిగా కునుకు తీసింది.

బుధవారం పొద్దున తమ్ముడు కంప్యూటరు మీట నొక్కాడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చి ఆగిపోయాయి. ఫలానా సిస్టం ఫైలు లేదు, లేదా పాడైపోయింది, కాబట్టి మొదలవడం కుదరదు అని వాటి సారాంశం. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అవే అక్షరాలు. మూడోసారి నొక్కేసరికి అతని నుదుటి మీద చెమట పట్టింది. శుక్రవారానికి టపా పంచే ఆవిడకి బూట్లు ఇస్తానని మాటిచ్చాడు. ఆవిడ ఎడమకాలు పొట్టి. రోజంతా నడిచే ఉద్యోగం. పాత జత అరిగిపోయి నడుం నొప్పితో అల్లాడుతోంది.

"అక్కా, నిన్న దీన్ని నువ్వేమైనా ముట్టుకున్నావా?" అన్నాడు. నిలదీసి అడగలేదు. కళ్ళజోడు ఎక్కడ పెట్టానని అడిగినట్టు అడిగాడు.

వరసమ్మకి తను వేసిన 1147 గుర్తొచ్చింది.

"నేనెందుకు ముట్టుకుంటానురా. ఉత్తరాల పని మొన్ననే అయిపోయిందిగా" అంది.

ఆ మాటలో రెండో సగం నిజం. మొదటి సగం ఆవిడ నోట్లోంచి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క పుస్తకం గురించి కూడా అబద్ధం ఆడని మనిషి. అనేశాక వెనక్కి తీసుకుందామంటే నోరు పెగల్లేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. సాయం చేద్దామని దిద్దింది, సాయం కాస్తా తమ్ముడి పంతొమ్మిదేళ్ళ కష్టానికి చేటు తెచ్చింది. ఇదంతా తన వల్లేనని తెలిస్తే వాడేమంటాడు? ఏమీ అనడు. అదే ఇంకా భయంగా ఉంది. ఏమీ అనకుండా, రేపటి నుంచి తనకి ఏ పనీ చెప్పడు. పని చెప్పని ఇంట్లో తను ఏ లెక్కన ఉన్నట్టు?

తమ్ముడు ఎవరికో ఫోను చేశాడు. పెద్ద వీధిలో కంప్యూటర్లు అమ్మే కొట్టువాడు. వాడి గొంతు ఫోనులోంచి గదంతా వినిపించింది. "సిస్టం ఫైలు పోయిందంటే ఇంక చూసేదేముంది సార్, ఫార్మాట్ కొట్టేద్దాం. సాయంత్రానికల్లా కొత్తదానిలా అయిపోతుంది."

"మరి నా ప్రోగ్రామో?"

"మళ్ళీ ఎక్కించుకోవడమే సార్. డిస్కు ఉంటుందిగా."

ఫార్మాటంటే ఏమిటో వరసమ్మకి తెలుసు. బీరువాలో పుస్తకం ఒకటి చిరిగిందని బీరువా మొత్తం కుప్పతొట్టిలో బోర్లించడం.

"ఒరేయ్, వాడికి వద్దని చెప్పు" అంది. "ఆగండమ్మని పిలుద్దాం."

ఆగండమ్మ రెండు వీధుల అవతల, ఒక మేడ మెట్ల కింద చోటులో రిపేరు కొట్టు పెట్టుకుంది. నలభై దాటిన మనిషి. రెండు జేబుల్లోనూ స్క్రూడ్రైవర్లే. ఎవరు ఏ యంత్రం తెచ్చినా ఆమె నోట మొదట వచ్చే మాట "ఆగండి." అదే పేరైపోయింది. లైబ్రరీ కంప్యూటరు మూలబడ్డప్పుడల్లా ఆమే వచ్చేది. పని అయ్యేదాకా వరసమ్మ పక్కన నిలబడి, ఆమె విప్పిన మరలన్నీ వరసగా ఒక పళ్ళెంలో పేర్చేది. ఇద్దరికీ అక్కడ కుదిరింది స్నేహం.

పదకొండు కాకుండానే వచ్చింది. "ఆగండి, ఇంక దాన్ని ఎవరూ నొక్కకండి" అంటూనే లోపలికి అడుగుపెట్టింది. తెర మీది అక్షరాలని పొల్లుపోకుండా కాగితం మీద ఎక్కించుకుంది. తరవాత తన మామూలు ప్రశ్నలు రెండూ అడిగింది.

"చివరిసారి ఎప్పుడు బాగా నడిచింది?"

"సోమవారం. నేనే ఒక పాదానికి అట్ట చెక్కాను" అన్నాడు తమ్ముడు.

"ఆ తరవాత దాని మీద ఎవరు ఏం చేశారు?"

"ఎవరూ ఏమీ చేయలేదండీ."

ఆగండమ్మ తలూపి, గుమ్మంలో నిలబడ్డ మరదలితో సహా ముగ్గురి వంకా ఒకసారి చూసింది. ఊరికే చూసింది, అంతే. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు వరసమ్మ తన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

పెట్టె పక్క రేకు విప్పి, లోపలి డిస్కు తీసి, ఆగండమ్మ దాన్ని తీగతో తన లాప్‌టాప్‌కి తగిలించింది. కాసేపటికి, "మీ పాదాలన్నీ భద్రంగా ఉన్నాయి. ముందు వీటికి నకలు తీస్తా" అంది. తమ్ముడు ఊపిరి పీల్చుకున్నాడు. "అంత సంబరపడకండి" అందామె. "పాదాలు ఉన్నాయి కానీ చదివే ప్రోగ్రాము ఈ ఏర్పాటులోనే బతుకుతుంది. దీన్ని తుడిచేసి కొత్తది పెడితే అది లేవదు."

నకలు తీయడానికి గంట పట్టింది. మరదలు టీ పట్టుకొచ్చింది. వరసమ్మ టీ చల్లారిపోయింది.

నకలు అయ్యాక, తెర మీద పేరున్న ఫైలుని వెతికి చూసింది ఆగండమ్మ. ఉంది. మంచి కంప్యూటరులోంచి తెచ్చిన ప్రతితో పోల్చి చూసింది. రెండిటికీ అక్షరం తేడా లేదు. అయినా దాని చోట కొత్త ప్రతిని పెట్టి, డిస్కుని యథాస్థానంలో బిగించి మీట నొక్కింది. అవే తెల్లటి అక్షరాలు.

ఆమె నుదురు ముడిపడింది.

"ఇది పేరు చెబుతున్న ఫైలు నిక్షేపంలా ఉంది" అంది. "మరేదో దెబ్బతింది. అనుమానం ఉన్నవి కొన్ని ఉన్నాయి, ఒక్కొక్కటీ తీసి చూడొచ్చు. కానీ ఎవరూ ముట్టుకోకుండా దానంతట అదే చెడిందంటున్నారు. అలాగైతే ఫైలు కాదు, డిస్కే పోతున్నట్టు. ఇంత పాతది, ఏ క్షణాన్నయినా పూర్తిగా ఆగిపోవచ్చు. ఇంకా తిప్పించడం మంచిది కాదు. దీన్ని పక్కన పెట్టేసి కొత్త డిస్కు వేసుకోవాల్సిందే."

"అంటే ప్రోగ్రాము పోయినట్టే."

"పోయినట్టే."

తమ్ముడు ఎత్తు పీట మీద కూలబడ్డాడు. రోజూ వచ్చినవాళ్ళని కూర్చోబెట్టే పీట అది. కాళ్ళు నేలకి అందక గాలిలో వేలాడుతుంటే, పదేళ్ళ పిల్లాడిలా కనిపించాడు అక్కకి. "సరే, చేసేదేముంది. వేసేయండి" అన్నాడు.

వరసమ్మకి అప్పుడు అర్థమైంది. ఇందాకటిదాకా ఆ యంత్రాన్ని చెడగొట్టింది తను పెట్టిన అంకెలు. ఇప్పుడు దాని పీక నొక్కబోతోంది తను ఆడిన అబద్ధం. అంకెలు తెలియక పెట్టింది. అబద్ధం తెలిసి ఆడింది. ఇక మింగి కూర్చుంటే కుదరదు.

మారు మాట్లాడకుండా వెనక గదికి వెళ్ళి, రిజిస్టరు గుండెలకి హత్తుకుని తిరిగొచ్చింది.

"తమ్ముడూ, ముట్టుకున్నది నేనేరా" అంది. "నిన్న పొద్దున. ఏం చేశానో ఇందులో ఉంది. పొద్దున్న నీతో అబద్ధం చెప్పాను."

వీధి గదిలో మరదలి కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. ఆగండమ్మ చేయి చాచి రిజిస్టరు అందుకుని, గుర్తు పెట్టిన పేజీ తీసి పైకి చదివింది.

"వరస సంఖ్య పదకొండు వందల నలభై ఏడు. దాచిన ఫైలు. పేరు: బూట్. ఆరు పంక్తులు. అరల నంబర్లు తప్పుగా ఉన్నవి. సున్నా అన్నచోటల్లా ఒకటి, ఒకటి అన్నచోట రెండు వేసి సవరించడమైనది. సున్నా నంబరు బూటు ఉండదు."

చివరి వాక్యం దగ్గర ఆమె గొంతు తేడా కొట్టింది. రిజిస్టరు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతుంటే, ఏడుస్తోందేమోనని వరసమ్మ హడలిపోయింది. ఏడుపు కాదు, నవ్వు. పొట్ట పట్టుకుని మరీ నవ్వుతోంది.

"పెద్దమ్మగారూ, అది కాళ్ళకి తొడుక్కునే బూటు కాదండీ" అంది కళ్ళు తుడుచుకుంటూ. "యంత్రం నిద్ర లేవడాన్ని మావాళ్ళు బూట్ అంటారు. లేవగానే ఎటు వెళ్ళాలో దానికి చెప్పే చీటీ ఇది. ఫలానా డిస్కులో, ఫలానా భాగంలో నీ సామానుంది, పోయి తెచ్చుకో అని. మీరు ఆ చీటీలో ఇంటి నంబరు మార్చేశారు. పాపం అది లేని డిస్కు గుమ్మంలోకి వెళ్ళి, తలుపు కనిపించక, ఫైలు పోయిందని గోల పెడుతోంది."

"మరి సున్నా ఏమిటమ్మా? సున్నా అంటే ఏమీ లేదని కదా."

"మనకి అంతే. దీని లెక్క మాత్రం సున్నా నుంచి మొదలు. ఇక్కడ సున్నా అంటే ఏమీ లేదని కాదండీ, మొట్టమొదటిదని."

వరసమ్మ ఆ మాటని నోట్లోనే రెండుసార్లు అనుకుంది. ముప్ఫై నాలుగేళ్ళు నంబర్లు వేసిన మనిషికి కొత్త సంగతి అది.

డిస్కు మళ్ళీ బయటికి వచ్చింది. ఆగండమ్మ ఆ చిన్న ఫైలు తెరిచి, వరసమ్మని పక్కన కూర్చోబెట్టుకుంది. "మీరే చెప్పండి, నేను దిద్దుతా" అంది. వరసమ్మ రిజిస్టరు మీద వేలు పెట్టి చెప్పసాగింది. ఒకటి అన్నచోట సున్నా. మళ్ళీ సున్నా. మళ్ళీ సున్నా. రెండు అన్నచోట ఒకటి. పైన 1147 కొట్టేయాలి. కింది పంక్తిలో కూడా అంతే. తప్పు ఎంత శ్రద్ధగా చేసిందో, దిద్దుబాటూ అంత శ్రద్ధగా చెప్పింది. మొత్తం ఐదు నిమిషాలు పట్టలేదు.

డిస్కు బిగించారు. మీట నొక్కబోతూ ఆగండమ్మ, "ఆగండి" అంది అలవాటుగా. ఆగకుండా నొక్కింది.

తెర నల్లగా ఉంది. నల్లగానే ఉంది. వరసమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. అంతలో పెట్టెలోంచి, ప్రతి పొద్దునా గోడ అవతల మంచం మీంచి తను వినే నాలుగు స్వరాల చిన్న సంగీతం వినిపించింది. కళ్ళు తెరిచేసరికి తెర నీలంగా వెలుగుతోంది. తమ్ముడు పీట మీంచి ఒక్క గెంతు గెంతి, కొలతల ప్రోగ్రాము తెరిచాడు. టపా పంచే ఆవిడ ఎడమపాదం నిదానంగా తెర మీదికి వచ్చింది. మడమ, వంపు, ఐదు వేళ్ళు.

వరసమ్మకి ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చిన ప్రాణం ముందు కాళ్ళలోకి రాలేదు కాబోలు, ఉన్నచోటే కుర్చీలో జారగిలబడి ఏడ్చేసింది. పొద్దుటి నుంచి బిగబట్టుకున్న ఏడుపంతా ఒక్కసారే తీరిపోయింది. ఏడుస్తుంటే ఆవిడకి సిగ్గు కూడా వేయలేదు. అంత హాయిగా ఉంది.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నాలాంటివాళ్ళని చూసే అన్నారమ్మా" అంది ముక్కు చీదుకుంటూ.

"కాళ్ళ కొట్లో కాకపోతే ఇంకెక్కడ కడుగుతారు వదినా" అంది మరదలు గుమ్మంలోంచి. చల్లారిన టీ తీసుకెళ్ళి వేడిది తెచ్చి చేతిలో పెట్టింది.

ఆగండమ్మ మరలు బిగిస్తూ తమ్ముడితో అంది: "ఒక్క మాట చెబుతా, వినండి. చాలామంది ఏదో ఒకటి నొక్కేస్తారు. ఏం నొక్కారో వాళ్ళకే గుర్తుండదు. అడిగితే దాని మానాన అదే చెడిందంటారు. ఏ అంకె తీసి ఏ అంకె వేశారో రాసి పెట్టుకున్న మనిషిని నా సర్వీసులో ఇప్పుడే చూశాను."

ఆమె వెళ్ళిపోయాక ముగ్గురే మిగిలారు. తమ్ముడు ఇంకా తెర వంకే చూస్తున్నాడు. ఒక పాదం తరవాత ఒక పాదం తెరిచి, ఉన్నాయో లేదో చూసుకుంటున్నాడు.

"పొద్దున్నే చెప్పి ఉండొచ్చు కదక్కా" అన్నాడు తల తిప్పకుండా. గొంతులో కాస్త కోపం ఉంది. ఉండాల్సిందే. "డిస్కు తీసి అవతల పారేసేవాళ్ళం."

"భయమేసిందిరా."

"నేనంటే భయమా?"

"నువ్వంటే కాదు. ఈ ఇంట్లో నేను చేసే పని ఏదైనా ఉందా అంటే అదొక్కటే. అది కూడా చెడగొట్టానని తెలిస్తే, ఇంక నేను ఇక్కడ ఎందుకున్నట్టు అనిపించింది."

తమ్ముడు ఏమీ అనలేదు. ఏమీ అనడని ఆవిడకి ముందే తెలుసు. అతను బల్ల మీదున్న రిజిస్టరు దగ్గరికి లాక్కుని, ఊరికే వెనక నుంచి ముందుకి తిరగేయడం మొదలుపెట్టాడు. గొడుగులు, దారపు ఉండలు, వంటింటి డబ్బాలు. మధ్యలో ఒకటి రెండు చోట్ల నవ్వాడు. మొదటి పేజీకి వచ్చేసరికి చేయి ఆగిపోయింది.

మొదటి పేజీలో ఇంటి గదులు ఉన్నాయి. ఒకటి, వీధి గది. రెండు, కొలతల గది. మూడు, వంటిల్లు. నాలుగు, మేడ మీది గదులు. వాటి కింద నంబరు లేకుండా ఒక పంక్తి ఉంది. "వెనక గది. తమ్ముడిది. అరువు. తిరిగి ఇవ్వవలసిన తేదీ:" అని రాసి, ఆ పక్కన ఖాళీ వదిలేసి ఉంది. లైబ్రరీ పుస్తకానికి రాసినట్టే రాసింది. తను వచ్చిన మొదటి వారంలో రాసుకున్న ఆ పంక్తి సంగతి వరసమ్మ మరిచేపోయింది. ఇప్పుడది తమ్ముడి వేలి కింద కనిపించేసరికి తల దించుకుంది.

తమ్ముడు తోలు మీద గుర్తులు పెట్టే మందపాటి పెన్సిలు చెవి మీంచి తీశాడు. "తమ్ముడిది" అన్నది కొట్టేశాడు. "అరువు" అన్నది కొట్టేశాడు. తేదీ అన్నచోట అడ్డంగా ఒక గీత లాగాడు. ఎడమ వైపు నంబరు ఉండాల్సిన గడిలో గుండ్రంగా ఒక సున్నా చుట్టాడు.

మరదలు అతని భుజం మీంచి తొంగి చూసింది. "అదేంటండీ, వదిన గదికి సున్నా వేశారు?"

"ఆగండమ్మ చెప్పింది వినలేదా" అన్నాడు తమ్ముడు. "ఈ ఇంట్లో లెక్క అక్కడి నుంచే మొదలు."

వరసమ్మ రిజిస్టరుని తన వైపు తిప్పుకుంది. రిజిస్టరులో ఎవరైనా పెన్సిలుతో గీస్తే ఒప్పుకునే మనిషి కాదు. కానీ ఈసారి ఆవిడ దాన్ని చెరపమనలేదు. ఏది మార్చినా రాసి తీరాలన్న తన పద్ధతి ప్రకారం, తన కలం తీసి ఆ పంక్తి పక్కన "సరిచూడటమైనది" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టింది.